ఈల పోయిన బండి

నకిరేకల్ దగ్గర హైవే పక్కన చాయ్ తాగుతుంటే, పాత డీజిల్ పికప్ ఒకటి ఈల వేసుకుంటూ పోయిందనుకోండి, పక్కన కూర్చున్న డ్రైవర్లలో ఒకడు తప్పకుండా అంటాడు, టర్బో మంచి జోరు మీదుందని. నాకు నోరు దురద పెడుతుంది. అది జోరు కాదు నాయనా, పైపు పగిలి గాలి బయటికి పోతున్నది అని చెప్పాలనిపిస్తుంది. ఒకప్పుడైతే చెప్పేవాణ్ణి, అవసరమైతే కొట్లాటకు కూడా దిగేవాణ్ణి. నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో వాళ్ల ఫిర్యాదు. ఇప్పుడు మాత్రం ఏమీ అనను. గ్లాసు కింద పెట్టి, ఆ ఈల దూరమయ్యేదాకా వింటాను. అట్లాంటి ఈలనే ఒకదాన్ని నేను దగ్గరుండి ఆపించాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేనూ నా బామ్మర్దీ కలిసి ఒక పాత పికప్ కొన్నాం. అంతకు ముందు నేను లారీలు నడిపాను, వాడు పత్తి మిల్లులో పనిచేశాడు. మర్రిగూడ చుట్టుపక్కల పల్లెలకు పొద్దున్నే ఫిల్టర్ నీళ్ల క్యాన్లు వేయడం మా పని. అక్కడి బోరు నీళ్లు ఫ్లోరైడ్ నీళ్లు. పిల్లల పళ్లు గారపట్టేవి, పెద్దవాళ్ల మోకాళ్లు, నడుములు బిగుసుకుపోయేవి, చివరికి కందిపప్పు కూడా ఆ నీళ్లలో ఉడకనని మొండికేసేది. ఇంటింటికీ నల్లా రావడానికి ఇంకా టైముంది. అందుకని మా బండి కోసం జనం ఎదురుచూసేవాళ్లు. నేను నడిపిన ఏ లారీకీ అంత మర్యాద దొరకలేదు.

మా బండి ఎత్తు ఎక్కేటప్పుడు ఈల వేసేది. చదును రోడ్డు మీద మామూలుగానే ఉండేది. గేరు తగ్గించి గట్టిగా తొక్కగానే బానెట్ కింద నుంచి సన్నగా మొదలై, బరువు తెలిసిన కొద్దీ పెద్దదయ్యేది. నా బామ్మర్దికి ఆ ఈలంటే మహా గర్వం. టర్బో బండి అంటే అట్లనే ఉండాలి అనేవాడు. వేరే డ్రైవర్లు వినాలని అవసరం లేని చోట కూడా గేరు తగ్గించేవాడు. డీజిల్ నీ అయ్య పోస్తడా అని నేను తిట్టేవాణ్ణి. వాడి అయ్య నాకు మామే కాబట్టి ఆ తిట్టు తిరిగి ఇంట్లో నాకే తగిలేది.

మా చివరి ఊరు గుట్ట మీద ఉండేది. కింద వాగు దాటగానే ఎత్తు మొదలు. మట్టిరోడ్డు, రెండు మలుపులు, అడుగడుక్కీ రాళ్లు. నిండు లోడుతో ఫస్ట్ గేరులో నత్తలాగా ఎక్కాల్సిందే. ఎక్కినంత సేపూ బండి ఈల వేస్తూనే ఉండేది. పైకి చేరగానే రోడ్డు పక్కన నడుమెత్తు బండరాయి ఒకటి. మేం ఆగేది అక్కడే. ఆ రాయికి ఆనుకుని, చేతిలో స్టీలు చెంబు పట్టుకుని, ఒక అవ్వ ఎప్పుడూ మాకంటే ముందే నిలబడి ఉండేది.

ఆ నీళ్ల జబ్బు అవ్వను బాగానే పట్టింది. మెడ అటూ ఇటూ తిరగదు. ఎవరైనా పక్క నుంచి పలకరిస్తే మనిషి మొత్తం తిరగాలి. మోకాళ్లు వంగే ఉండేవి. కానీ నిలబడ్డప్పుడు మాత్రం రాయికి వీపు ఆనించి, గడ్డం పైకెత్తి, ఊరికి పెద్దమనిషిలాగా నిలబడేది. ఆమె మంచం మీద నుంచి లేవడం గానీ, సందులోంచి నడిచి రావడం గానీ మేం ఎన్నడూ చూడలేదు. చూడలేదన్న సంగతి కూడా మాకు తట్టలేదు.

ఆ ఊళ్లో ఒక ఆనవాయితీ ఉండేది. అవ్వ రుచి చూడందే ఒక్క క్యాన్ కూడా బండి దిగేది కాదు. మొదట్లో ఒకసారి ఫిల్టర్ ప్లాంటులో మిషన్ చెడిపోతే, అక్కడి మనిషి చడీచప్పుడు కాకుండా బోరు నీళ్లే నింపి పంపాడు. మాకు తెలియదు. కింది ఊళ్లలో ఎవరూ పసిగట్టలేదు. అవ్వ ఒక్క గుక్క నోట్లో పోసుకుని ఉమ్మేసింది. ఇవి మన బోరు నీళ్లే, ఎవరూ తాగొద్దు అన్నది. నేను ఊరుకోలేదు, అవ్వ మీద మాట తూలాను కూడా. తర్వాత ప్లాంటుకు పోయి గట్టిగా అడిగితే వాడు తలకాయ దించుకున్నాడు. అప్పటి నుంచి మేం వెళ్లగానే మొదటి క్యాన్ మూత తీసి అవ్వ చెంబులో పోసేవాళ్లం. ఆమె తాగి, కాసేపు నాలుక ఆడించి, మంచిగున్నయి, దించుండ్రి అనేది. అప్పటిదాకా ఊరంతా ఖాళీ క్యాన్లు పట్టుకుని ఆగేది. ఎవరూ తొందరపెట్టేవాళ్లు కాదు. ఆమెకు ఆ ఊళ్లో అంతకంటే వేరే పని ఏమీ మిగల్లేదు, ఆ పని మాత్రం ఆమెది.

ఒక ఎండాకాలం బండికి రోగం మొదలైంది. లాగుడు తగ్గింది, వెనక నల్లటి పొగ. ఒకనాడు గుట్ట మొదటి మలుపు దగ్గర ఆగిపోయి, మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. నా బామ్మర్ది దూకి టైర్ల కింద రాళ్లు పెట్టాడు కాబట్టి సరిపోయింది. సగం క్యాన్లు రోడ్డు పక్కన దించి, సగంతో ఎక్కి, మళ్లీ కిందికి వచ్చి, మిగిలినవి ఎక్కించుకున్నాం. తలప్రాణం తోకకొచ్చింది. అట్లా కొన్నాళ్లు లాగాక వాడు చేతులెత్తేశాడు.

"బావా, గా ఊరు ఇడిసిపెడదాం. వాగు కాడ దించుదాం, వాళ్లే వచ్చి మోస్కపోతరు" అన్నాడు.

ఆ గుట్ట దిగి నిండు క్యాన్ భుజాన పెట్టుకుని మళ్లీ ఎక్కగలిగేవాళ్లు ఆ ఊళ్లో ఎంతమంది? మిగిలినవాళ్లు మళ్లీ బోరు నీళ్లే తాగుతారు. అవ్వ సంగతి చెప్పనే అక్కర్లేదు. నేను వాడి మీద గయ్యిమన్నాను. బండి బాగుచేయిద్దాం, ఊరు వదిలేదే లేదు అన్నాను. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ చింత లేదు.

మాకు తెలిసిన మెకానిక్ భాయ్ నకిరేకల్‌లో ఉండేవాడు. నవ్వితే షెడ్డంతా వినిపించే మనిషి, పనికంటే కబుర్లు ఎక్కువ. బానెట్ ఎత్తి ముందు చక్రం వైపు చెయ్యి పెట్టి, లోపలి నుంచి ఒక గుడ్డ లాగాడు. అది నా బామ్మర్ది తువ్వాల. మట్టిరోడ్డు మీద పోయేటప్పుడు మనం ముక్కుకు తువ్వాల కట్టుకుంటాం కదా, బండికి మాత్రం దుమ్ము పోదా అని వాడు గాలి పీల్చే పైపు మూతికి తడి తువ్వాల కట్టాడు. నేనూ శభాష్ అన్నాను. రోజూ పొద్దున బండి తుడిచి, ఆ గుడ్డ మళ్లీ తడిపి కట్టడం మాకొక పూజలాగా అయింది. దుమ్ము దాని మీద పేరుకుని గట్టిపడి పిడకలాగా తయారైంది.

"జర గిటు చూడు భాయ్, బండికి ఊపిరాడకుంట మీరే మూతి గట్టిన్రు" అని భాయ్ పడీ పడీ నవ్వాడు. నా బామ్మర్ది నా మొహం చూశాడు, నేను షెడ్డు కప్పు చూశాను.

గుడ్డ ఒక్కటే కాదు. ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయింది. గాలిని చల్లబరిచే జాలీకి సీజన్‌లో నీళ్ల పని అయ్యాక కిరాయికి మేం మోసిన పత్తి నూగంతా అంటుకుని, దాని మీద బురద పట్టింది. గాలి పీల్చే మూతి చక్రం పక్కనే ఉండటంతో మట్టిరోడ్డు దుమ్మంతా సరాసరి లోపలికే పోతున్నది. అన్నిటికంటే పెద్దది చివర్లో బయటపడింది. ఇంజన్‌లోకి గాలిని ఒత్తి నెట్టే టర్బో నుంచి వచ్చే రబ్బరు పైపుకు భాయ్ రెండువైపులా బిరడాలు బిగించి, కంప్రెసర్ గాలి వదిలి, పైన సబ్బు నీళ్లు పోశాడు. పైపు అడుగున, మామూలుగా కంటికి కనపడని చోట, తెల్లటి బుడగలు లేచాయి. ఇంకొంచెం గాలి పెంచాడు. ఇంజన్ ఆపేసి ఉంది, తాళం చెవి నా జేబులో ఉంది, అయినా మా బండి ఈల షెడ్డంతా వినిపించింది.

భాయ్ బొటనవేలితో చీలిక మీద నొక్కాడు. ఈల ఆగింది. వేలు తీశాడు, మళ్లీ మొదలైంది. నా బామ్మర్ది మొహం మాడిపోయింది. ఇన్నేళ్లు నలుగురికీ వినిపించి గర్వపడ్డది బండి జోరు కాదని, బండి చేతకానితనమని వాడికి అర్థమైంది. నేను మాత్రం ఊరుకుంటానా, తిరుగు దారిలో వాడి చెవిలో ఈల వేస్తూనే ఉన్నాను.

భాయ్ అన్నీ మార్చాడు. కొత్త ఫిల్టర్, దాని డబ్బాకు కొత్త రబ్బరు అంచు. జాలీని లోపలి నుంచి బయటికి మెల్లగా నీళ్లు కొట్టి కడిగాడు. స్క్రాపు లారీది ఒక లావు పైపు తెచ్చి, గాలి పీల్చే మూతిని క్యాబిన్ వెనక పైకి లేపాడు. అక్కడికి దుమ్ము అంతగా రాదు. చీలిన పైపు తీసేసి, మందంగా ఉన్న కొత్తది వేసి రెండువైపులా క్లాంపులు బిగించాడు. పాత పైపును పారేయబోతుంటే నా బామ్మర్ది తీసుకుని సీటు వెనక పెట్టుకున్నాడు. ఎందుకురా అంటే ఊరికే అన్నాడు.

మర్నాడు నిండు లోడుతో వాగు దాటాం. బండి సెకండ్ గేరులోనే ఎక్కింది. పొగ లేదు, ఈల లేదు, ఇంజన్ గుర్రుమనడం తప్ప ఇంకే చప్పుడూ లేదు. పైకి చేరేసరికి రాయి దగ్గర ఎవరూ లేరు. మేమే ముందొచ్చామని పొంగిపోయాం. హారన్ కొడితే జనం వచ్చారు. క్యాన్లు పట్టుకుని అందరూ వచ్చాక కూడా రాయి దగ్గర జాగా ఖాళీగానే ఉంది.

అందరం అవ్వ కోసం ఆగాం. సందు చివర అవ్వ కనిపించింది. ఒక చెయ్యి గోడ మీద, ఇంకో చేతిలో చెంబు. ఒక అడుగు వేసి ఆగుతుంది, గోడ తడుముకుంటుంది, సన్నగా మూలుగుతుంది, ఇంకో అడుగు. ఊరంతా అటే చూస్తున్నది. ఎవరో పోయి చెయ్యి అందించబోతే విదిలించింది. రాయి దగ్గరికి వచ్చేసరికి చెమటతో తడిసిపోయింది. నీళ్లు తాగి, ఎవరి వైపూ చూడకుండా, మంచిగున్నయి అన్నది. దించుండ్రి అనలేదు.

తర్వాత కూడా అంతే. మేం త్వరగా ఎక్కుతున్నాం, ఆమె వెనకబడుతున్నది. మేం మర్యాదగానే ఆగేవాళ్లం. ఆ మర్యాదే ఆమెను కోసేసిందని ఇప్పుడు తెలుస్తున్నది. ఇంటి నుంచి రాయి దాకా ఆమె పడే పాట్లు మొత్తం ఊరి ముందు జరిగేవి. నా బామ్మర్ది మంచి ఆలోచనే అనుకుని వాగు దగ్గర నుంచే హారన్ కొట్టడం మొదలుపెట్టాడు. జనం నవ్వారు. అవ్వా, నీకోసమే హారన్ కొడుతున్రు, బయలుదేరు అని ఎవరో పరాచికమాడారు. ఆ మరుసటి రోజు అవ్వ రాలేదు. ఆమె కోడలు ఖాళీ క్యాన్ తెచ్చి, అత్తకు చాతనైతలేదన్నది. చెంబు తేలేదు. ఊళ్లో వాళ్లు కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, తర్వాత ఎవరి క్యాన్ వాళ్లు దించుకున్నారు.

వయసు మీదపడింది అనుకున్నాం. వానాకాలం వచ్చింది. బండి బాగా నడుస్తుండటంతో ఇంకో రెండు ఊళ్లు పట్టాం. పొద్దున లేస్తే ఉరుకులాట. రాయి దగ్గర నీళ్లు రుచి చూసే మనిషి లేకుండా పని సాగిపోవడం నాకూ అలవాటైపోయింది. చలి మొదలయ్యే రోజుల్లో ఒకసారి ఆ కోడలే, క్యాన్ ఎత్తుకుంటూ, మామూలుగా అడిగింది.

"అన్నా, మీ బండి ఈల ఏమాయె? మీరొచ్చి పోయినంక గూడ మా అత్త అడుగుతది, బండింక రాలేదా అని. ఎనుకట కింద వాగు కాడ ఈల ఇనవడంగనె లేసుడు మొదలువెట్టేది. మీరు గుట్టెక్కేటాల్లకు రాయి కాడికి చేరేది."

నాకు అప్పుడు లెక్క కుదిరింది. ఆ ఎత్తు ఎక్కడానికి మా బండికి ఎంతసేపు పట్టేదో, ఆమె మంచం దిగి రాయి చేరడానికి అంతే పట్టేది. అందరూ ఇళ్లలో క్యాన్లు సర్దుకునే టైములో, ఎవరి కంటా పడకుండా, ఆమె తన కష్టమంతా పడి వచ్చి నిలబడేది. మేం వచ్చేసరికి గడ్డం పైకెత్తి ఉండేది. హారన్ ఆమె కోసం కొట్టిందని ఊరందరికీ తెలుసు. ఈల ఎవరి కోసమూ కాదు. అందుకే దాన్ని ఆమె తనదిగా చేసుకోగలిగింది. మేం చేసింది తప్పని ఎవరూ అనరు, నేనూ అనను. బండి బాగుపడకపోతే ఆ ఊరికి నీళ్లే వచ్చేవి కావు. అయినా ఆ రోజు గుట్ట దిగుతుంటే మనసంతా చేదైపోయింది.

కొత్త పైపు క్లాంపు కొంచెం వదులు చేసి చూశాను. బుస్సుమన్నదే తప్ప ఈల రాలేదు. ఏం చేయాలో తోచక వాగు గట్టున కూర్చుంటే, నా బామ్మర్ది సీటు వెనక నుంచి పాత పైపు తీశాడు. ఇద్దరం అక్కడే కూర్చుని, కొత్తది విప్పి పాతది బిగించాం, అట్లాంటి పని చేస్తామని మా జన్మలో అనుకోలేదు. ఈలతో బండి నిండు లోడు లాగదు కాబట్టి మర్నాడు పై ఊరి క్యాన్లు సగమే వేసుకుని వెళ్లాం, మిగిలిన సగానికి ఇంకో తిరుగుడు తప్పదని తెలిసే. వాగు దాటి ఫస్ట్ గేరు వేసి తొక్కాను. నల్ల పొగతో పాటు ఈల లేచింది. నా బామ్మర్ది ఈసారి నవ్వలేదు. నేను కావాలనే మెల్లగా ఎక్కించాను. రెండో మలుపు దగ్గర ఇంకా మెల్లగా.

రాయి దగ్గర ఎవరూ లేరు.

కాసేపు చూసి, ఒక క్యాన్ భుజాన పెట్టుకుని సందులోకి నేనే నడిచాను. ఆ సందులోకి పోవడం అదే మొదలు. ఎంతో లేదు, నాకు గుక్క తిప్పుకునేంత దూరం కూడా లేదు. అవ్వ మంచం అంచున కూర్చుని ఉంది. ఒక చేతిలో చెంబు, ఇంకో చేత్తో గోడకు కొట్టిన మేకు పట్టుకుని ఉంది. లేవాలని చూస్తున్నది. నడుము కొంచెం లేస్తున్నది, మోకాళ్లు మాత్రం కదలడం లేదు. కోడలు పక్కన నిలబడి ఉంది. ఈల వినపడగానే చెంబు అడిగిందని, అప్పటి నుంచి అట్లనే చేస్తున్నదని చెప్పింది. ఇన్ని నెలలు మంచానికే పరిమితమయ్యేసరికి కాళ్లు బిగుసుకుపోయాయట. రోజూ లేచి రాయి దాకా నడిచినన్నాళ్లే అవి ఆడాయి.

అవ్వా, ఈల మళ్లీ పెట్టినం, విన్నవా అని అడిగాను. మెడ తిరగదు కాబట్టి కళ్లు మాత్రం నా వైపు తిప్పింది.

"ఇనవడ్డది బిడ్డా. అది మూలుగుడు మొదలువెడితె నేను గూడ మొదలువెడుదును. ఇయ్యాల గూడ మొదలువెట్టిన" అన్నది. మేకు మీద నుంచి చెయ్యి తీసి మోకాలి మీద పెట్టుకుంది. "నాకు ఇనవడ్డది గని, కాళ్లకు ఇనవడ్తలేదు."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడానికి వంగి, క్యాన్ మూత తీసి చెంబులో నీళ్లు పోశాను. కూర్చునే తాగింది. నాలుక ఆడించింది. అలవాటు ప్రకారం గడ్డం పైకెత్తింది.

"మంచిగున్నయి, దించుండ్రి" అన్నది.

నేను రాయి దగ్గరికి తిరిగొచ్చేసరికి అప్పటికే అందరూ దించుకుని వెళ్లిపోయారు.